వెబ్ ఆప్షన్లు: ముందు మీ ఇష్టం, తర్వాతే కటాఫ్

(కోదాడలో ఇంటర్ ఎంపీసీ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక పాలిటెక్నిక్ గణితం లెక్చరర్ చేసిన ప్రసంగం. చివర్లో అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినపడుతోందా? సరే. ఫ్యాన్ల కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ముందుకు వచ్చి కూర్చోండి.

ఎలా చదవాలి, టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలి అని నేను చెప్పను. రెండేళ్లుగా మీ కాలేజీలో పొద్దున లేస్తే అదే వింటున్నారు. నేను ప్రతి ఏడాదీ ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ రోజుల్లో హెల్ప్‌లైన్ సెంటర్లో సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర కూర్చుంటాను. అక్కడ కూర్చుంటే కనపడేదే చెబుతాను. పరీక్ష కోసం రెండేళ్లు కష్టపడ్డ పిల్లలు ఆప్షన్లు పెట్టడానికి, అంటే కావలసిన కాలేజీలు, బ్రాంచీలు వెబ్‌సైట్లో వరుసగా పెట్టడానికి, రెండు గంటలు కూడా కూర్చోరు. అది కూడా చివరి రోజు సాయంత్రం, నెట్ సెంటర్లో, పక్కన ఎవరో తెలిసినాయన కోడ్‌లు చెబుతుంటే! అప్పటికి ర్యాంకు మీ చేతిలో ఉండదు, వచ్చేసి ఉంటుంది. ఆప్షన్ల వరుస మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. ఈ పూట మాట్లాడేదంతా ఎక్కువగా ఆ వరుస గురించే.

మన ఇంజినీరింగ్ ఎంట్రన్స్ పేరు ఈఏపీసెట్ అని మారింది కానీ ఇంట్లో, బయట అందరం ఎంసెట్ అనే అంటాం. 1986 నుంచి అలవాటైన పేరు, అంత తేలిగ్గా పోదు. నేనూ ఎంసెట్ అనే అంటాను. 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. 2023 నుంచి మన దగ్గర ర్యాంకులో ఇంటర్ మార్కులు కలపడం, అదే వెయిటేజీ, తీసేశారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం ఇంకా లెక్కలోకి వస్తుంది. వెయిటేజీ పోయింది కదా, ఇంటర్ పాసైతే చాలు అనుకుంటున్నారు కొందరు. జేఈఈ మెయిన్ పరీక్షతో చేరే కేంద్ర ప్రభుత్వ కాలేజీ ఎన్‌ఐటీలో సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా మన బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. మెయిన్‌లో మంచి ర్యాంకు వచ్చి ఇక్కడ ఆగిపోతే ఎవరినీ ఏమీ అనలేం.

ఇప్పుడు అసలు విషయం. కంప్యూటర్ సీటు ఎలా ఇస్తుంది? ఇది తెలియకపోవడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి.

కంప్యూటర్ ఒకటో ర్యాంకు అబ్బాయిని తీసుకుంటుంది. అతని మొదటి ఆప్షన్ చూస్తుంది. ఖాళీ ఉంటే ఇచ్చేస్తుంది. తర్వాత రెండో ర్యాంకు. ఇలా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వస్తుంది. మన లక్ష్మి ర్యాంకు 22,000 అనుకుందాం. తన వంతు వచ్చేసరికి తనకంటే ముందున్న వాళ్లందరి సీట్లూ అయిపోయాయి. తన వెనక ఉన్నవాళ్లు ఒక్కరు కూడా ఇంకా లోపలికి రాలేదు. అప్పుడు కంప్యూటర్ లక్ష్మి జాబితా పై నుంచి చూస్తుంది. ఒకటో ఆప్షన్ నిండిపోయిందా, రెండోది. అదీ నిండిందా, మూడోది. ఓపెన్‌లో ఉంటే ఓపెన్‌లో ఇస్తుంది. లేకపోతే తన కేటగిరీలో, అమ్మాయిలకు ఉన్న 33 శాతంలో ఎక్కడ వీలైతే అక్కడ చూస్తుంది. మొదట దొరికిన చోట ఆగిపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. లక్ష్మి తనకు రాదని తెలిసినా బాగా ఇష్టమైన కాలేజీని ఒకటో నంబర్లో పెట్టింది. అది నిండిపోయింది. తనకు పోయిందేమిటి? ఏమీ లేదు. కంప్యూటర్ అదే క్షణంలో రెండో ఆప్షన్‌కు వెళ్లింది. తను ఒకటో ఆప్షన్ దగ్గర ఆగినందుకు వెనక ఉన్న 22,001 ర్యాంకు వాడు దూరి రెండోది ఎగరేసుకుపోడు. వాడి వంతు ఇంకా రాలేదు కదా.

ఇప్పుడు తిరగేసి చూడండి. వాళ్ల బాబాయి భయపెట్టాడు: 'నీ ర్యాంకుకు అంత పెద్ద కాలేజీ ఎక్కడొస్తుంది, వచ్చేది ముందు పెట్టు, ఆప్షన్ వేస్ట్ చేసుకోకు' అని. లక్ష్మి గ్యారంటీగా వచ్చే కాలేజీని ఒకటో నంబర్లో పెట్టింది. కంప్యూటర్ చూసింది, ఖాళీ ఉంది, ఇచ్చేసింది. కిందకు చూడనే చూడదు. ఆ ఏడాది పైనున్న పిల్లలు చాలామంది ఎన్‌ఐటీలకో డీమ్డ్ యూనివర్సిటీలకో వెళ్లిపోయి, లక్ష్మికి ఇష్టమైన కాలేజీలో కటాఫ్, అంటే సీటు దొరికిన చివరి ర్యాంకు, 23,000 దాకా దిగింది అనుకోండి. ఆ సీటు తన వెనక ర్యాంకు వాళ్లకు వెళ్తుంది. ఫలితాలు వచ్చాక అది చూసి ఏడిస్తే లాభం లేదు. కంప్యూటర్ తప్పు చేయలేదు, లక్ష్మి అడిగిందే ఇచ్చింది.

అందుకే రాదేమో అన్న భయంతో కిందకు నెట్టకండి. రావాలని ఉన్నది పైన పెట్టండి. ఆప్షన్లకు లెక్క లేదు. 50 పెట్టుకోండి, 100 పెట్టుకోండి. వేస్ట్ అనేది లేదు. ప్రమాదం ఎక్కడుందంటే తక్కువ పెట్టడంలో. 'నాకు ఈ ఆరు కాలేజీలు తప్ప వద్దు' అని ఆరే పెట్టి ఊరుకుంటే, ఆరూ నిండిపోతే సీటే రాదు. జాబితా అడుగున మీ ర్యాంకుకు ఖాయంగా వచ్చేవి, వస్తే నిజంగా చేరేవి కొన్ని ఉండి తీరాలి. చేరనివి మాత్రం అసలు పెట్టొద్దు.

మరి కటాఫ్ దేనికి పనికొస్తుంది? జాబితా ఎక్కడిదాకా సాగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది. వరుస కోసం కాదు. వెబ్‌సైట్లో పోయిన ఏడాది లాస్ట్ ర్యాంకుల పట్టిక ఉంటుంది. ఒక్కో కాలేజీ, ఒక్కో బ్రాంచి, అడ్డంగా ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ అబ్బాయిలు, బీసీ-ఏ అమ్మాయిలు, ఇలా గళ్లు. మీ గడి ఏదో చూసి దాన్నే చదవండి. పక్కింటి అబ్బాయికి ఆ కాలేజీలో వచ్చింది కాబట్టి మనకూ వస్తుంది అనుకోవద్దు. అతని గడి వేరు, మీ గడి వేరు. ఒక్క ఏడాది పట్టిక చూసి తేల్చేయకండి, రెండు మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. కొత్త సెక్షన్లు వచ్చినా, సీట్లు పెరిగినా అంకెలు వేలల్లో కదులుతాయి.

వెబ్‌సైట్లోనే మాన్యువల్ ఆప్షన్ ఫారం ఉంటుంది. ప్రింట్ తీసుకోండి. ఇంట్లో కూర్చుని పెన్సిల్‌తో రాయండి. పెన్సిలే, ఎందుకంటే కనీసం మూడుసార్లు కొట్టేస్తారు. కాలేజీ కోడ్ ఒకటి, బ్రాంచి కోడ్ ఒకటి ఉంటాయి. సీఎస్‌ఈ అంటే మామూలు కంప్యూటర్ సైన్స్, సీఎస్‌ఎం వేరు. సీఎస్‌ఎం అంటే ఏఐ అండ్ ఎంఎల్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. స్క్రీన్ మీద ప్రతి కాలేజీకీ పక్కన గడులుంటాయి, అందులో నంబర్ కొట్టాలి. 17 కొట్టబోయి 1 కొట్టారనుకోండి, చేరే ఉద్దేశం లేని కాలేజీ మొదటి ఆప్షన్ అయిపోతుంది. సేవ్ చేశాక ప్రింట్ తీసి, ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, మీరు కాగితం చదువుతుంటే వాళ్లు స్క్రీన్ చూడాలి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. కన్సల్టెన్సీకి అసలే ఇవ్వకండి. ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూడా అంతే. 2025లో మన దగ్గర మాక్ అలాట్‌మెంట్ పెట్టారు. అంటే అసలు అలాట్‌మెంట్‌కు ముందు 'ఇప్పటిదాకా పెట్టినవాళ్ల ఆప్షన్లను బట్టి మీకు ఇది రావచ్చు' అని చూపిస్తుంది. తర్వాత ఆప్షన్లు మార్చుకోవచ్చు. మాక్‌లో వచ్చిందే చివరకు వస్తుందన్న హామీ లేదు. అందరూ మార్చుకుంటారు మరి.

రెండో ఫేజ్ గురించి వేరేగా చెప్పాలి. మొదటి ఫేజ్‌లో సీటు వచ్చింది, ఫీజు కట్టారు, చేరుతున్నానని వెబ్‌సైట్లో చెప్పే సెల్ఫ్ రిపోర్టింగ్ చేశారు. రెండో ఫేజ్‌లో ఇంకా మంచిది వస్తుందేమోనని మళ్లీ ఆప్షన్లు పెడతారు. పెట్టొచ్చు. కానీ అందులో ఏది వచ్చినా పాత సీటు దానంతటదే రద్దయిపోతుంది. 'సార్, నాకు పాతదే కావాలి' అని బల్ల దగ్గరకొచ్చి బతిమాలితే మా దగ్గర ఏ బటనూ ఉండదు. కాబట్టి రెండో ఫేజ్‌లో చేతిలో ఉన్న సీటు కంటే ఖచ్చితంగా మెరుగైనవే పెట్టాలి. మొదటిసారి జాబితా ఎంత పొడుగుంటే అంత మంచిది, రెండోసారి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మొదటి ఫేజ్‌లో సీటే రానివాళ్లకు ఇది వర్తించదు, వాళ్లు మళ్లీ పొడుగు జాబితానే పెట్టాలి. ఇంకొక మాట, సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి రిపోర్ట్ చేయకపోతే అది కూడా పోతుంది.

ఇప్పుడు తల్లిదండ్రులు వినాలి. కాగితాలు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతారో చాలామందికి తెలియదు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు. లోకల్ ఎవరన్నది 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును బట్టి తేలుస్తారు. చివరి నాలుగేళ్లు వరసగా ఇక్కడే చదివితే లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. మన కోదాడలో ఇది పెద్ద విషయం. ఇక్కడి పిల్లలు కొందరు హైదరాబాద్ హాస్టళ్లకు పోతే కొందరు విజయవాడ హాస్టళ్లకు పోతారు. ఆరు నుంచి పది దాకా ఇక్కడ చదివి ఇంటర్ విజయవాడలో చేసిన అబ్బాయికి ఏడేళ్లలో అయిదేళ్లు తెలంగాణ. ఎంసెట్‌లో లోకలే. అదే అబ్బాయి ఎన్‌ఐటీకి వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడ సగం సీట్లు హోం స్టేట్ వాళ్లకు. హోం స్టేట్ అంటే మీ సొంతూరు కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. కాబట్టి అతనికి హోం స్టేట్ ఆంధ్రప్రదేశ్, కోటా వర్తించేది తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో. వరంగల్‌లో అతను బయటి రాష్ట్రం అభ్యర్థి. ఒకే పిల్లాడు, ఒకచోట తెలంగాణ, ఇంకోచోట ఆంధ్ర. ఇంటర్‌లో చేర్పించేటప్పుడు ఈ సంగతి చెప్పే కాలేజీ పీఆర్వో నాకింతవరకు కనపడలేదు.

ఎంసెట్‌లో మిగిలిన 15 శాతం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. విభజన చట్టం పెట్టిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. 2025 ప్రవేశాల నుంచి ఆ సీట్లు కూడా తెలంగాణతో సంబంధం ఉన్నవాళ్లకే.

ఇన్‌కం సర్టిఫికెట్ దగ్గర బల్ల ముందు రోజూ ఒకటే గొడవ. ఒక తండ్రి వస్తాడు, కవరు లోంచి జాగ్రత్తగా తీస్తాడు, లామినేషన్ కూడా చేయించి ఉంటుంది. తేదీ చూస్తే పోయిన ఏడాది ఆగస్టు. ఈ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చింది కావాలి. 'ఇది తహసీల్దార్ సంతకమే కదా సార్' అంటాడు. సంతకం సరైనదే, తేదీ చెల్లదు. మళ్లీ మీసేవకు పోవాలి, అక్కడ నుంచి తహసీల్దార్ ఆఫీసుకు పోవాలి. అదే వారంలో జిల్లా అంతా అక్కడే ఉంటుంది. ఇప్పుడే తెచ్చుకుంటే గోటితో పోయేది, అప్పటిదాకా ఆగితే గొడ్డలి కావాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కూడా పాతది పనికిరాదు. టెన్త్ మెమోలో పేరు, ఇంటర్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. సర్టిఫికెట్లు చూపించడానికి స్లాట్ బుక్ చేసుకునేటప్పుడు కట్టే ప్రాసెసింగ్ ఫీజు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600.

ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క కాగితం మీద వేసుకోండి. బీసీ, ఈబీసీ పిల్లలకు మన దగ్గర ర్యాంకు 10,000 లోపు అయితే కాలేజీ ఫీజు మొత్తం వస్తుంది. 10,000 దాటితే ఏడాదికి 35,000. ఇంటి ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. ప్రభుత్వ గురుకులాల్లో చదివినవాళ్లకు నిబంధన వేరు, వాళ్లు హెల్ప్‌లైన్‌లో అడగకుండా వెళ్లొద్దు. ఇప్పుడు ఫీజు లక్షన్నర ఉన్న కాలేజీ తీసుకోండి. 35,000 పోను ఏడాదికి లక్షా పదిహేను వేలు మీ జేబులోంచి. నాలుగేళ్లకు నాలుగు లక్షల అరవై వేలు. హాస్టల్, మెస్, బస్ పాస్, ల్యాప్‌టాప్ దీని మీద. ఆ ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా టైముకు రాక, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అని కాలేజీలు అడగడం మీకు తెలిసిందే. ఆప్షన్ పెట్టే ముందు ఈ లెక్క ఇంట్లో పిల్లల ముందే మాట్లాడండి. దాచిపెట్టి సీటు వచ్చాక 'అంత కట్టలేం' అంటే పిల్లాడికి ఏం చెప్పుకోవాలో తెలియదు.

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా 70 శాతం, కాలేజీ వాళ్లే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం. మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. చివర్లో స్పాట్ అడ్మిషన్ అని పిలుస్తారు, దానికీ రాదు. స్పాట్‌లో మంచి బ్రాంచి దొరికిందని సంబరపడి చేరాక ఈ విషయం తెలుసుకుంటే ఎలా?

ఇక జేఈఈ. మొదట పర్సెంటైల్ గురించి. 'మా వాడికి 93 వచ్చింది సార్' అంటారు. 93 మార్కులు కావు అవి. నూటికి ఏడుగురు మీ వాడికంటే ముందున్నారని అర్థం. మెయిన్ రాసేవాళ్లు 14 లక్షలు దాటుతున్నారు. నూటికి ఏడు అంటే లక్షకు దగ్గర. అంతమంది ముందున్నారు. 97కీ 99కీ మధ్య రెండే కదా అనిపిస్తుంది, ఆ రెండులో 28,000 మంది ఉన్నారు. మెయిన్‌లో పైనున్న రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే అవకాశం. ఐఐటీ సీటుకు అడ్వాన్స్‌డ్ ర్యాంకు, ఎన్‌ఐటీలకు, జోసా అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో ఉండే ట్రిపుల్ ఐటీలకు మెయిన్ ర్యాంకు. గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీ జోసాలో లేదు, దాని దారి దానిది. బాసర ట్రిపుల్ ఐటీ టెన్త్ మార్కుల మీద. అవి కలిపేసుకోకండి.

2015కు ముందు ఐఐటీలకు ఒక కౌన్సెలింగ్, ఎన్‌ఐటీలకు ఇంకో కౌన్సెలింగ్. ఒక్కరే రెండు సీట్లు పట్టుకుని ఒకటి వదిలేస్తే అది ఖాళీగా మిగిలేది. 2015లో జోసా వచ్చి రెండింటినీ ఒకే జాబితాలో కలిపింది. దీని వెనక లెక్క ఎక్కడిదంటే 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు రాసిన చిన్న పేపరు. కాలేజీ ప్రవేశాలు, పెళ్లి సంబంధాలు రెండూ కలిపి రాశారు! ఎవరి ఇష్టాల వరుస వాళ్లిస్తే, ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా జత చేయాలన్నది లెక్క. షాప్లీకి 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. లెక్కల మాస్టారిని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. మీకు కావలసింది ఒక్కటే: ఇక్కడ కూడా ఇష్టాన్ని దాచి తెలివిగా పెట్టామనుకునేవాడికి లాభం లేదు. ఉన్నది ఉన్నట్టు పెట్టినవాడికి నష్టం లేదు.

జోసాకూ ఎంసెట్‌కూ తేడా ఏమిటంటే, జోసాలో ఆప్షన్లు ఒకేసారి పెడతారు, లాక్ అవుతాయి. రౌండ్లు ఎన్ని జరిగినా కొత్తవి కలపలేరు. సీటు వచ్చాక ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్ అని మూడుంటాయి. ఫ్రీజ్ అంటే నాకిది చాలు. స్లైడ్ అంటే కాలేజీ ఇదే, నేను పైన పెట్టుకున్న బ్రాంచి వస్తే మారతాను. ఫ్లోట్ అంటే నా జాబితాలో పైనున్నది ఏ కాలేజీలో వచ్చినా మారతాను. ఫ్లోట్ పెడితే ఉన్న సీటు పోతుందేమోనని భయపడి ఫ్రీజ్ కొట్టేవాళ్లు చాలామంది. పోదు. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి ఇంకా ముందు సీటు ఖాళీ ఉందేమో చూసుకోవడమే అది. పైది వస్తేనే పాతది వదులుతుంది. కాకపోతే పైది వచ్చాక వెనక్కి రావడం కుదరదు. మీ జాబితా వరుస నిజమైన వరుస అయితే వెనక్కి రావాలని ఎందుకు అనిపిస్తుంది?

అమ్మాయిలకు ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో అదనంగా సీట్లున్నాయి, మొత్తంలో 20 శాతం దాకా. ఇవి అబ్బాయిల సీట్లలోంచి తీసినవి కావు. కాబట్టి ఎవరో ఏదో అన్నారని మొహమాటపడకుండా తీసుకోండి.

బ్రాంచి ముఖ్యమా, కాలేజీ ముఖ్యమా? ఈ ప్రశ్న అడగకుండా ఎవరూ నన్ను వదలరు. నా అభిప్రాయం నేను చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. ఇప్పుడు సివిల్, మెకానికల్ సీట్లు తీసేసి ఆ చోటులో కంప్యూటర్ సెక్షన్లు పెంచుకుంటూ పోతున్నారు. సెక్షన్లు పెంచినంత తేలిగ్గా చెప్పేవాళ్లు దొరకరు. నిన్నటిదాకా పక్క బ్రాంచిలో చెప్పినాయన ఈరోజు మెషీన్ లెర్నింగ్ చెబుతున్న చోటుకు పోవడం కంటే, పాతబడ్డ యూనివర్సిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఉండే ఈసీఈనో, ఎలక్ట్రికల్ ఉండే ఈఈఈనో చదవడం నాకు మేలనిపిస్తుంది. సీఎస్‌ఈకీ సీఎస్‌ఎంకీ మధ్య తేడా చూసి నిద్ర మానుకోకండి. రెండింటి సిలబస్ వెబ్‌సైట్లో ఉంటుంది, పక్కపక్కన పెట్టి చూడండి, మొదటి ఏడాదిలో చాలా మటుకు ఒకటే. పిల్లవాడికి ఒక బ్రాంచి మీద నిజంగా ఇష్టం ఉంటే మాత్రం నా మాట పక్కన పెట్టండి.

కాలేజీ చూడటానికి వెళ్లండి. గేటు దగ్గర హోర్డింగు మీద ప్లేస్‌మెంట్ ప్యాకేజీ రాసి ఉంటుంది, అది ఒక్కరికి వచ్చింది. మధ్యలో ఉన్న పిల్లాడికి ఎంత వచ్చిందో అడగండి, ఎంతమందికి రాలేదో అడగండి. కోర్సు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు, బ్రాంచికి ఇస్తారు. మీరు చేరబోయే బ్రాంచికి ఉందా చూడండి. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ల్యాబ్ తలుపు తెరిచి ఉందో, తాళం వేసి ఉందో చూడండి. క్యాంటీన్లో మూడో ఏడాది పిల్లలు దొరుకుతారు, వాళ్లకు టీ ఇప్పించండి. అన్నీ చెప్పేస్తారు.

ఒక్కటి సీరియస్‌గా. ర్యాంకులు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ ఫోన్ పట్టుకుని చుట్టాలందరికీ చెప్పొద్దు, చుట్టాలను అడగొద్దు. ఆ ఒక్క రోజు పిల్లల్ని ఒంటరిగా వదలకండి. పిల్లలూ, మనసు బాగా లేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నంబర్ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

చేసుకున్నారా? సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక తల్లి: అమ్మాయికి ఏప్రిల్‌లోనే ఒక యూనివర్సిటీలో సీటిచ్చారు, వారంలో లక్ష కట్టమంటున్నారు. కట్టాలా?)

అమ్మా, వాళ్ల తొందర వాళ్లది. కట్టే ముందు రీఫండ్ నిబంధన కాగితం అడగండి. ఏ తేదీలోగా మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారో రాతలో ఉండాలి. నోటి మాట వద్దు. ఎంసెట్ మొదటి ఫేజ్ అలాట్‌మెంట్ ఆ తేదీకి ముందే వస్తుందనుకుంటే కట్టి ఉంచుకోవచ్చు. తర్వాత వస్తుందంటే, ఆ లక్ష పోయినా ఫరవాలేదు అనుకుంటేనే కట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వాళ్లకు ఇచ్చేయకండి, జిరాక్స్‌లు ఇవ్వండి.

(ఒక విద్యార్థి: ర్యాంకు బాగా రాకపోతే లాంగ్ టర్మ్, అంటే ఇంకో ఏడాది కోచింగ్, తీసుకోవచ్చా సార్?)

దేనికోసం అన్నదాన్ని బట్టి. నీట్‌కు లాంగ్ టర్మ్ మామూలే. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయొచ్చు. ఈ ఏడాది ఒకసారి రాసి ఉంటే ఇంకొకసారి ఉంది. మెయిన్‌లో బోర్డర్ దగ్గర ఆగి, ఏ చాప్టర్లలో పోయిందో నీకు స్పష్టంగా తెలిసి ఉంటే ఆలోచించు. ఎంసెట్ ర్యాంకు ఒక్కదాని కోసం ఏడాది పోగొట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. ముందు ఈ ఏడాది ఆప్షన్లు పూర్తిగా పెట్టు. ఏ సీటు వచ్చిందో చూశాక లాంగ్ టర్మ్ మాట మాట్లాడదాం. కౌన్సెలింగ్‌కే వెళ్లకుండా ముందే నిర్ణయించుకునేవాళ్లున్నారు, వాళ్ల ర్యాంకుకు ఏం వచ్చేదో వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

(ఇంకొక విద్యార్థి: ఫ్రెండ్స్ అందరం ఒకే కాలేజీ పెట్టుకుందామనుకుంటున్నాం.)

ఎంతమంది? నలుగురా? నలుగురి ర్యాంకులూ ఒకటేనా? కాదు కదా. కంప్యూటర్‌కు మీ స్నేహం తెలియదు. మీలో మంచి ర్యాంకు ఎవరిదో వాడు మిగతా ముగ్గురి కోసం కిందకు దిగుతాడు, అంతే జరిగేది. మీ నలుగురూ ఎవరి కాగితం వాళ్లు వేరువేరుగా రాసుకోండి. రాశాక పక్కపక్కన పెట్టండి. పై పదింటిలో రెండు మూడు కలిస్తే మంచిదే.

టైమ్ అయిపోయింది, హాల్ వాళ్లు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. లాస్ట్ ర్యాంకుల పట్టిక ప్రింట్లు కొన్ని తెచ్చాను. ఇన్‌కం సర్టిఫికెట్ తేదీ, మెమోల్లో పేర్లు చూపించుకోవాలనుకునేవాళ్లు ఈ పక్క బల్ల దగ్గరకు లైన్లో రండి. లామినేషన్ చేయించినవాళ్లు ముందు రండి.